పగిలే గోడకి లెక్క: ఒక నీళ్ల సంపు డైరీ

2019 ఏప్రిల్ 2

అనంతపురానికి ముప్పై కిలోమీటర్ల దూరంలో తాగునీటి సంపు మొదలుపెట్టాం. లోపలి కొలత 20 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు నీళ్లు. అంటే 7.2 లక్షల లీటర్లు. నేలమీదే రాఫ్ట్ (అడుగున వేసే కాంక్రీట్ పలక), దాని మీద గోడలు. పక్కనే చిన్న పంపు హౌస్. మాది చిన్న ఆఫీసు. లెక్కలేసేదీ నేనే, సైట్లో గొడుగు పట్టుకుని నిలబడేదీ నేనే. తేడా వస్తే తిట్టడానికి ఇంకొకరు దొరకరు, అదొక్కటే ఇబ్బంది.

ఈ రోజు గోడ లెక్క పూర్తయింది. గోడ పైకప్పు మీద ఆధారపడకుండా, అడుగున రాఫ్ట్‌ని పట్టుకుని ఒంటరిగా నిలబడుతుందని తీసుకున్నాను. 3 మీటర్ల నీళ్లు తోస్తే గోడ అడుగున మీటరు పొడవుకి 44 కిలోన్యూటన్ మీటర్ల మొమెంట్, అంటే గోడని వంచే ప్రభావం, వస్తుంది. గోడ మందం 300 మి.మీ., కాంక్రీట్ ఎం30.

లెక్క పుస్తకంలో ఎరుపు పెన్నుతో గీత గీసుకున్న చోటు ఇది. గోడ పగల్లేదనుకుని లెక్కేస్తే లోపలి ముఖంలో లాగుడు చదరపు మి.మీ.కి 2.94 న్యూటన్లు. కాంక్రీట్ కట్టడాలకి మన దేశపు కోడ్ అయిన ఐఎస్ 456 ప్రకారం ఎం30 వంగేటప్పుడు 3.83 దాకా తట్టుకోవాలి (30కి వర్గమూలం కట్టి 0.7తో గుణిస్తే వచ్చేది అదే). అంటే నిండా నీళ్లు పోసినా ఈ గోడ పగలకూడదు. కాగితం అలాగే చెప్తోంది.

అయినా పగిలిందనే లెక్కేశాను. ఆ 3.83 ల్యాబులో బుద్ధిగా క్యూరింగ్ అయిన దిమ్మ సంగతి. సైట్లో గోడ నీళ్లు చూడకముందే ఎండకి, ఆరుదలకి తన బలంలో కొంత ఖర్చు పెట్టేసుకుంటుంది. ఎంత ఖర్చు పెట్టిందో గోడని అడిగి తెలుసుకోలేం. అందుకని లాగుడు వైపు కాంక్రీట్ లేనట్టే అనుకుని, భారమంతా ఇనుము మీదే వేస్తాం.

లోపలి ముఖంలో నిలువు చువ్వలు 12 మి.మీ., 100 మి.మీ. దూరం. కవర్, అంటే చువ్వ మీద కాంక్రీట్ మందం, 45. పగిలిన గోడలో నొక్కుడు మోసేది బయటివైపు 63 మి.మీ. మందమే. చువ్వల్లో లాగుడు చదరపు మి.మీ.కి 171 న్యూటన్లు వచ్చింది. దాన్నిబట్టి గోడ లోపలి ముఖం సాగేది పొడవులో 0.00109 వంతు. పగులుకీ పగులుకీ మధ్య మిగిలిన కాంక్రీట్ ఇంకా చువ్వని కరుచుకునే ఉంటుంది కాబట్టి కొంత సాయం చేస్తుంది. దాన్నే టెన్షన్ స్టిఫెనింగ్ అంటారు. ఆ సాయం 0.00045 తీసేస్తే మిగిలింది 0.00064. రెండు చువ్వల నట్టనడుమ, గోడ ముఖం మీద ఒక చుక్క పెట్టి, అక్కడినుంచి దగ్గరి చువ్వ ఎంత దూరమో కొలిస్తే 65 మి.మీ. ఈ అంకెలన్నీ ఐఎస్ 456 చివర అనుబంధంలో ఉన్న సూత్రంలో వేస్తే పగులు వెడల్పు 0.11 మి.మీ.

మామూలు కట్టడానికి 0.3 దాకా ఒప్పుకుంటారు. తడి తగిలే చోట, మట్టి తగిలే చోట 0.2. మరీ కఠినమైన వాతావరణంలో 0.1. నీళ్ల తొట్టికి మనం పట్టుకునేది 0.2. కాబట్టి 0.11తో ధీమాగా ఉన్నాను.

సరదాకి ఇంకో లెక్క కూడా వేసి చూశాను. దాదాపు అంతే ఇనుము, కానీ 16 మి.మీ. చువ్వలు 180 దూరంలో. పగులు 0.13కి పెరిగింది. ఇనుము బరువు మారలేదు, డబ్బు మారలేదు, పగులు మాత్రం లావయింది. చువ్వకి దూరమైన కొద్దీ కాంక్రీట్‌ని పట్టి ఉంచే దిక్కుండదు మరి.

అడ్డ చువ్వల గురించి ఒక్క లైనే రాసుకున్నాను: 10 మి.మీ., 140 దూరం, రెండు ముఖాలా.

ఏప్రిల్ 5

రాఫ్ట్ కాంక్రీట్ అయింది. రేపు ఉగాది కాబట్టి అందరూ తొందరగా ముగించాలనే తాపత్రయంలో ఉన్నారు. మధ్యాహ్నం పొడిగాలి మొదలైంది. పోసిన రెండు గంటలకే పైన నెర్రెలు కనిపించాయి. లోపలి నుంచి నీరు పైకి ఊరే వేగం కంటే గాలి పైనున్న తడిని లాక్కుపోయే వేగం ఎక్కువైతే ఇలా అవుతుంది. కాంక్రీట్ ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి చెక్కతో మళ్లీ రుద్దించి, వెంటనే ప్లాస్టిక్ పట్టా కప్పించాం. ఇవి పెద్ద భయపడాల్సిన పగుళ్లు కావు. ఆలస్యం చేస్తేనే తలనొప్పి.

ఏప్రిల్ 17

పన్నెండు రోజులు పని లేదు. 11న పోలింగు. మా బార్ బెండింగ్ మేస్త్రీ, ఆయన మనుషులు శ్రీకాకుళం వాళ్లు. ఓటు వేసి రావడానికి వెళ్లి, ఊళ్లో ఏవో పనులు చూసుకుని నిన్న దిగారు. రాఫ్ట్ హాయిగా క్యూరింగ్ అయి గట్టిపడిపోయింది. అప్పుడు అది మంచిదే అనుకున్నాను.

ఏప్రిల్ 27

మొదటి గోడ పోత. పొడవు గోడని 10 మీటర్ల చొప్పున రెండు ముక్కలు చేశాం. ఈ రోజు మొదటి ముక్క. రెడీమిక్స్ లారీలు ఎనిమిదింటికి రావాల్సినవి పదిన్నరకి వచ్చాయి. కాంక్రీట్ వేడి 36 డిగ్రీలు. పాత ప్రాజెక్టులో మిగిలిన, వేడి కొలిచే థర్మోకపుల్ వైరు ఒకటి ఉంటే, గోడ నడుమ చువ్వకి కట్టి చివర బయటికి తీసిపెట్టాను.

ఏప్రిల్ 28

తెల్లవారి ఆరింటికి గోడ లోపల 63 డిగ్రీలు. సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే వేడి ఇది. బయట రాత్రీ పగలూ కలిపి సగటు 32 ఉంటుంది. అంటే ఈ గోడ 31 డిగ్రీలు చల్లారాలి.

ఏప్రిల్ 30

షట్టరింగ్ విప్పాం. గోడ నున్నగా, ఎక్కడా రాళ్లు తేలకుండా వచ్చింది. మేస్త్రీ చెయ్యేసి తడిమి చూసుకుని మురిసిపోయాడు. నేనూ ఫోటో తీసుకున్నాను.

సాయంత్రం పైపుతో గోడ తడిపారు. పావుగంటకి ఎండకి గోడంతా తెల్లబడుతూ వస్తోంది. నేను గొడుగు మడుస్తూ అటు చూశాను. గోడ ఆరిపోయింది కానీ ఒక్కచోట సన్నటి నల్ల గీత మిగిలింది. పెన్సిలుతో గీసినట్టు నిలువుగా ఉంది. దగ్గరికి వెళ్లి గోటితో రాశాను. గోరు పట్టలేదు. తడి మాత్రం పోలేదు, ఎందుకంటే ఆ తడి లోపల ఉంది.

ఒక గీత కనిపించాక మిగతావి వాటంతటవే కనిపించాయి. మొత్తం నాలుగు. మూల నుంచి 1.9, 4.1, 5.6, 7.8 మీటర్ల దగ్గర. అన్నీ నిలువుగానే, రాఫ్ట్‌కి కాస్త పైన మొదలై మధ్యవి రెండూ 1.8 మీటర్ల ఎత్తు దాకా వెళ్లాయి. పై అంచుని ఏదీ తాకలేదు. క్రాక్ గేజ్ కార్డు పెట్టి చూస్తే వరసగా 0.15, 0.30, 0.25, 0.20.

మేస్త్రీ చాలాసేపు చూసి అన్నాడు: "ఇదేటి సారూ, నీళ్లు పొయ్యకుండానే పగిలిపోనాది?"

నిజమే. నేను నీళ్ల తోపుడుకి అంత లెక్క వేశాను. గోడ ఆ లెక్క దాకా ఆగలేదు.

మే 1

మేడే, సెలవు. ఇంట్లో కూర్చుని మేస్త్రీకి రేపు ఏం చెప్పాలా అని ఆలోచించాను.

డప్పు గుర్తొచ్చింది. డప్పుని మంట దగ్గర కాచి బిగిస్తారు. తోలు ముడుచుకోవాలని చూస్తుంది, చుట్టూ ఉన్న చట్రం ముడుచుకోనివ్వదు. అందుకే బిగుసుకుని మోగుతుంది. చట్రం లేకపోతే తోలు మామూలుగా ముడుచుకుని ఊరుకునేది, చిరిగేది కాదు. కాంక్రీట్ గోడ కూడా చల్లారుతూ పొట్టిగా అవ్వాలని చూస్తుంది. కింద రాఫ్ట్ మూడు వారాల ముందే గట్టిపడి కూర్చుంది, కదలనివ్వదు. మూడు రోజుల పచ్చి గోడకి లాగుడు తట్టుకునే బలం ఎంతని ఉంటుంది? పగిలింది. అడుగున రాఫ్ట్ గట్టిగా పట్టుకుంటుంది, పైకి వెళ్లే కొద్దీ పట్టు సడలుతుంది. అందుకే పగుళ్లు పై అంచు దాకా పోలేదు.

పోలింగుకి వెళ్లిన ఆ పన్నెండు రోజులు నాకు కలిసొచ్చాయనుకున్నాను. తిరగబడ్డాయి. రాఫ్ట్‌కీ గోడకీ మధ్య ఎన్ని రోజులు తక్కువైతే అంత మంచిది.

ఈ రకం పగులుకి నిలువు చువ్వలు పనికిరావు. అవి పగులుకి సమాంతరంగా నిలబడి వేడుక చూస్తాయి. దాన్ని కుట్టేవి అడ్డ చువ్వలే. దానికీ లెక్క ఉంది, నీళ్ల తొట్ల కోడ్ ఐఎస్ 3370 రెండో భాగంలో. చువ్వ వ్యాసం, గోడ పైపొరలో ఇనుము శాతం తెలిస్తే పగుళ్ల మధ్య దూరం వస్తుంది. దాన్ని చల్లారిన డిగ్రీలతో, డిగ్రీకి మీటరుకి ఎంత కుదించుకుంటుందో దానితో గుణించి సగం చేస్తే వెడల్పు వస్తుంది. సగం ఎందుకంటే పచ్చి కాంక్రీట్ మెల్లగా సాగి కొంత లాగుడు తనే దిగమింగుకుంటుంది.

140 దూరంతో లెక్కేశాను. పగుళ్ల మధ్య దూరం ఎక్కువలో ఎక్కువ 0.89 మీటర్లు, వెడల్పు 0.17. గోడ మీద చూసింది 0.30. ఎంత ఉజ్జాయింపు లెక్కయినా ఇంత తేడా రాదు. ఏదో తప్పింది.

మే 2

తప్పు దొరికింది. నాదే.

పోతకి ముందు తీసిన ఫోటోలు పెద్దవి చేసి, గోడలో అడ్డ చువ్వలు లెక్కపెట్టాను. మీటరుకి ఏడు ఉండాలి. ఐదే ఉన్నాయి. మేస్త్రీ దగ్గరున్న కటింగ్ లిస్టు అడిగి చూశాను. అందులో 10 మి.మీ., 200 దూరం అని నా చేతిరాతే ఉంది. పోయినేడు 14 మీటర్ల పొడవు తొట్టి ఒకటి చేశాం. ఎక్సెల్‌లో ఆ షీటు కాపీ చేసి నిలువు చువ్వలు మార్చాను, అడ్డ చువ్వల వరస మార్చలేదు. ప్రింటు మీద పెన్నుతో రాసేటప్పుడైనా చూసుకోలేదు.

ఆ పాత తొట్టికి 200 సరైనదే. 15 మీటర్లు మించని తొట్టికి పైపొరలో 0.24 శాతం ఇనుము చాలంటుంది ఐఎస్ 3370. మించితే 0.35 కావాలి. 300 గోడకి ఒక్కో ముఖాన పైపొర 150 మి.మీ. కాబట్టి కావాల్సింది మీటరుకి 525 చదరపు మి.మీ. 140 దూరంతో 561 వస్తుంది. 200 దూరంతో 393.

393తో మళ్లీ లెక్కేస్తే పగుళ్ల మధ్య దూరం 1.27 మీటర్లు, వెడల్పు 0.24. ఇప్పుడు గోడకీ కాగితానికీ ఓ మోస్తరుగా కుదిరింది.

ఎవరూ పట్టించుకోని ఇనుము ఇదే. డ్రాయింగులో దీన్ని డిస్ట్రిబ్యూషన్ స్టీల్ అంటాం. ఏదో పంచిపెట్టడానికి వేసినట్టు, మెయిన్ స్టీల్‌కి తోడు పెళ్లికూతురిలాగా. నేను నిలువు చువ్వల మీద రెండు పేజీలు రాసి, దీనికి ఒక్క లైను రాశాను. ఆ లైను కూడా సైటుకి చేరలేదు.

మే 4

మా పెద్ద సార్‌కి ఫోన్ చేసి చెప్పాను. రిటైరైనా మా లెక్కలు చూసిపెడతారు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కొట్టేద్దామంటావా?" అన్నారు.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి రెండు గంటలు కూర్చున్నాం. నీళ్ల బరువుని మోసేది నిలువు చువ్వలు, అవి డ్రాయింగు ప్రకారమే ఉన్నాయి. మూలల దగ్గర గోడ పక్కగోడని లాగుతుంది, అక్కడ అడ్డంగా వేసిన అదనపు ఎల్ బార్లు విడి షీటులో ఉన్నాయి కాబట్టి అవీ సరిగ్గానే కట్టారు. తగ్గింది పగుళ్లని అదుపు చేసే ఇనుమే. గోడ పడిపోదు. కానీ కారొచ్చు, కారితే చువ్వ తుప్పు పట్టొచ్చు. కాబట్టి గోడ ఉంచుదాం, 0.2 దాటిన రెండు పగుళ్లూ కదలడం ఆగాక ఎపాక్సీతో నింపుదాం, మిగతావి కనిపెట్టుకుని ఉందాం అని తేల్చాం.

ఇదంతా క్లయింటుకి రాసిచ్చాను, తప్పు ఎక్కడ జరిగిందో సహా. ఆ ఒక్క పేరా రాయడానికి లెక్క కంటే ఎక్కువసేపు పట్టింది.

పగుళ్ల మీద రెండేసి చోట్ల గాజుముక్కలు జిప్సంతో అతికించి తేదీ రాశాం. పగులు ఇంకా తెరుచుకుంటే గాజు విరుగుతుంది. పాతకాలం పద్ధతే కానీ దీనికి బ్యాటరీ అక్కర్లేదు.

మే 7

పంపు హౌస్ పని. మా జూనియర్ కుర్రాడు బిల్డింగు లెక్కల సాఫ్ట్‌వేర్ ఈట్యాబ్స్‌లో మోడల్ చేస్తూ అడిగాడు: "సార్, బీముకి 0.35, కాలమ్‌కి 0.7 అని పెట్టమన్నారు. బీము ఇంకా కట్టనేలేదు, పగిలిందని మనమెలా రాస్తాం?"

మంచి ప్రశ్న. భూకంపాల కోడ్ ఐఎస్ 1893, 2016 సవరణలో ఉన్న అంకెలవి. భూకంపానికి విశ్లేషణ చేసేటప్పుడు బీము బిగువులో (వంగకుండా నిలిచే గుణంలో) 35 శాతం, కాలమ్ బిగువులో 70 శాతమే తీసుకోమంటుంది. భూకంపం వచ్చే నాటికి బీములు రోజువారీ బరువుకే పగిలి ఉంటాయి. కాలమ్‌ని పైనున్న బరువు నొక్కి పెడుతుంది కాబట్టి తక్కువ పగులుతుంది. పగలని బిగువుతో లెక్కేస్తే బిల్డింగు ఉన్నదానికంటే తక్కువ ఊగుతుందని కాగితం అబద్ధం చెప్తుంది. అంతస్తు ఎత్తులో 0.004 వంతు కంటే ఊగకూడదన్న నియమం ఆ అబద్ధం మీద పాసైపోతుంది.

మాటలతో వాడికి నమ్మకం కలగలేదు. వాడి ముందే ఒక బీము వేసి చూపించాను. పంపు హౌస్ బీము 6 మీటర్లు, 230 వెడల్పు, 450 ఎత్తు, కింద 20 మి.మీ. చువ్వలు మూడు. బరువు మీటరుకి 20 కిలోన్యూటన్లు. నడుమ మొమెంట్ 90 కిలోన్యూటన్ మీటర్లు. బీము మొదటిసారి పగిలేది 30 దగ్గరే. అంటే మూడోవంతు బరువుకే పగులుతుంది. పగలని బీము అనుకుంటే వంపు 7 మి.మీ. పగిలిన బీముగా లెక్కేస్తే 18. బిగువు ఎంత మిగిలిందో భాగించి చూడమన్నాను. 0.39 వచ్చింది. వాడు 0.35 వైపు, ఆ 0.39 వైపు రెండుసార్లు చూసి నవ్వాడు.

అయితే ఈ 0.35ని వంపు లెక్కలో వాడొద్దని కూడా చెప్పాను. అది మొత్తం ఫ్రేముకి ఒకే ముద్దగా వేసే అంకె. ఒక బీము వంపు కావాలంటే దాని మొమెంట్, దాని ఇనుముతోనే లెక్కేయాలి. ఆ పద్ధతి ఐఎస్ 456లో వేరే అనుబంధంలో ఉంది.

ఇక్కడ ఇంకో సంగతి బయటపడింది. 18 అనేది మొదటిరోజు వంపు. కాంక్రీట్ ఏళ్ల తరబడి బరువు కింద మెల్లగా ఒంగుతూ పోతుంది. అది కలిపితే 24 దాటుతుంది, అంటే పొడవులో 250వ వంతు హద్దు దాటినట్టే. బీము ఎత్తు 600కి పెంచాం. జూనియర్ ప్రశ్న అడక్కపోతే 450తోనే పోయేది.

మే 11

రెండో ముక్క పోత. ఈసారి రాత్రి ఎనిమిదింటికి మొదలుపెట్టి పన్నెండున్నరకి ముగించాం. కంకర మీద పగలంతా పట్టా కప్పించి తడిపించాను. నీళ్లలో ఐసు వేయించాను. కాంక్రీట్ 28 డిగ్రీల దగ్గర దిగింది. అడ్డ చువ్వలు 140 దూరంలో ఉన్నాయో లేదో టేపు పెట్టి నేనే చూశాను. మీటరుకి ఏడు. మేస్త్రీ పక్కన నిలబడి నవ్వుకున్నాడు, ఏమీ అనలేదు.

మే 12

గోడ లోపల గరిష్ఠం 52 డిగ్రీలు. సగటు 31 అనుకుంటే చల్లారాల్సింది 21 డిగ్రీలు. లెక్క ప్రకారం పగులు 0.11. షట్టరింగ్ ఐదు రోజులు విప్పొద్దని చెప్పాను, విప్పిన గంటలో గోనెసంచులు కట్టాలని కూడా.

మే 20

రెండో ముక్కలో ఆరు పగుళ్లు. 0.05, 0.10, 0.10, 0.15, 0.10, 0.05.

మేస్త్రీ దిగులుగా ఉన్నాడు. "అప్పుడు నాలుగే, ఇప్పుడు ఆరు. మరింత పాడైపోనాది కదా సారూ." ఆయనకి నచ్చజెప్పడానికి ఇద్దరం గోడ నీడలో కూర్చుని కూడికలు చేశాం. మొదటి ముక్కలో నాలుగూ కలిపితే 0.90 మి.మీ. రెండో ముక్కలో ఆరూ కలిపితే 0.55. గోడ మొత్తం ఎంత నోరు తెరిచిందన్నది ఎంత చల్లారిందన్న దాన్నిబట్టి ఉంటుంది. 31కి 21 ఎంతో, 0.90కి 0.55 కూడా కాస్త అటూ ఇటూగా అంతే. అది ఐసు, రాత్రిపోత తెచ్చిన లాభం. ఆ మొత్తాన్ని ఎన్ని వాటాలు వేయాలన్నది మాత్రం అడ్డ చువ్వల చేతిలో ఉంది. చువ్వలు తక్కువైతే నలుగురికే లావు వాటాలు, ఎక్కువైతే ఆరుగురికి సన్న వాటాలు. నీళ్లకి కావాల్సింది లావు వాటా. అది దొరక్కూడదు.

"అంటే పగలకుండా మీరూ ఆపలేరన్నమాట," అన్నాడు.

"లేను."

ఆయనకి ఆ జవాబు నచ్చినట్టే ఉంది. బీడీ వెలిగించుకున్నాడు.

ఒక్కటి నా దగ్గర ఉంచుకున్నాను. వేడి, చువ్వల దూరం, షట్టరింగ్ రోజులు మూడూ ఒకేసారి మార్చాను కాబట్టి ఏది ఎంత పని చేసిందో ఈ రెండు ముక్కలతో ఖచ్చితంగా తేలదు. తేల్చుకోవడానికి మరో గోడ చెడగొట్టే ధైర్యం లేదు.

మే 23

ఓట్ల లెక్కింపు. లారీలు లేవు, మనుషులు లేరు, సైట్లో వాచ్‌మన్, రేడియో. గోడలు తడిపి వచ్చేశాను.

జూన్ 15

మిగతా నాలుగు పోతలూ రాత్రే చేశాం. రాసుకోవాల్సినంత ఏమీ జరగలేదు. ఎక్కడా 0.15 దాటలేదు. పైకప్పు కూడా పడింది. గోడ మీద రెండు పొరల తారు కాగితం పరిచి దానిమీద స్లాబు వేశాం, ఎండకి అది సాగినా గోడని లాక్కుపోకుండా.

జూన్ 18

గాజుముక్కలు ఒక్కటీ విరగలేదు. నెలన్నర అయింది, పగుళ్లు కుదురుకున్నట్టే. 0.30, 0.25 పగుళ్లకి ఎపాక్సీ ఇంజెక్షన్ చేశారు. పగులు వెంట అడుగుకొకటి తక్కువ కాకుండా చిన్న నాజిళ్లు అతికించి, మధ్యలో పగులుని పైన మూసేసి, కింది నాజిల్ నుంచి మొదలుపెట్టి పంపు చేస్తారు. పై నాజిల్లోంచి మందు బయటికి వచ్చిందంటే కింది భాగం నిండినట్టు. అప్పుడు కిందది మూసి పైదానికి మారతారు. పల్చటి మందు, నిదానంగా చేయాలి. తొందరపడి ఒత్తిడి పెంచితే పైన మూసిన పొర ఊడి మందంతా గోడ మీద కారుతుంది. ఒకసారి అలాగే కారింది.

0.20 పగులుని వదిలేశాను. సరిగ్గా గీత మీద ఉంది. అంత సన్నటి దాంట్లో నీళ్లు పాకితే సున్నం కరిగి వచ్చి తెల్లగా పేరుకుని దారి మూసుకుపోతుంది. చాలా తొట్లలో చూశాను. ఇక్కడ కూడా అలాగే అవుతుందని పందెం కట్టినట్టే.

జూలై 6

నీళ్లు నిండాయి. ఈ ప్రాంతంలో పరీక్ష కోసం 7.2 లక్షల లీటర్లు అడిగితే ఊళ్లో మొహం చూపించలేం. పైపులైను నీళ్లు వచ్చేదాకా ఆగి, రోజుకి మీటరు చొప్పున నింపాం. పరీక్ష అయ్యాక ఇవే నీళ్లు వాడుకోవచ్చు. ఏడు రోజులు గోడని నీళ్లు తాగనివ్వాలి, ఆ తర్వాత ఏడు రోజులు చూడాలి. బయటి ముఖం పొడిగా ఉంటే పాస్.

జూలై 8

వదిలేసిన నాలుగో పగులు దగ్గర తడి. అడుగు నుంచి ఓ 30 సెంటీమీటర్లు, గోడ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. నీళ్లు కారడం లేదు, ఊరుతోంది. రాత్రి నిద్ర పట్టలేదు.

జూలై 12

అదే పగులు వెంట తెల్లటి గీత. గోటితో గీకితే ముగ్గుపిండిలా రాలింది. తడి అరచేతి మందమే మిగిలింది.

జూలై 15

నాలుగో పగులు పొడి. ఎపాక్సీ వేసినవి మొదటి నుంచీ పొడే. రెండో ముక్కలో ఆరూ పొడే. పెద్ద సార్‌కి ఫోటో పంపితే బొటనవేలు గుర్తు ఒకటి పెట్టారు.

సాయంత్రం మేస్త్రీ పిలిచాడు. వెడల్పు గోడ మీద, నడుము ఎత్తులో, రూపాయి బిళ్లంత తడి మచ్చ. మధ్యలోంచి చుక్కలు. చుట్టుపక్కల మూడు మీటర్ల దాకా పగులన్నదే లేదు. టార్చి వేసి చూస్తే అది షట్టరింగ్ బిగించిన టై రాడ్ రంధ్రం. రాడ్ తీశాక దాన్ని ఎవరో మామూలు సిమెంటు పాలతో పైపైన పూసేశారు.

అలాంటి రంధ్రాలు మొత్తం 212 ఉన్నాయి. మేస్త్రీ చాక్‌పీసు తీసుకుని మూల నుంచి ఒకటి, రెండు అని నంబర్లు వేయడం మొదలుపెట్టాడు. నేను నోట్‌బుక్కులో కొత్త పేజీ తిప్పాను.